ఇంగ్లిష్‌లో చిన్న మాటలు: అపోహలు – వాస్తవాలు

డిగ్రీ పిల్లలకీ, గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లకీ ఇంగ్లిష్ వ్యాకరణం చెబుతుంటాను. టెన్సులకు పట్టికలున్నాయి, కూర్చుని చదివితే వచ్చేస్తాయి. పేపర్లో మార్కులు పోయేదీ, ఇంటర్వ్యూలో నోరు తడబడేదీ ఎక్కువగా ఇన్, ఆన్, ఎ, ది, ఐ, మి లాంటి చిన్న మాటల దగ్గరే. ఇందులో పిల్లల తప్పేం లేదు. చిన్నప్పటి నుంచి వాళ్లకు నూరిపోసిన సూత్రాల్లోనే లోపం ఉంది.

అపోహ: "ఇన్" అంటే లో, "ఆన్" అంటే మీద, "విత్" అంటే తో. విభక్తిని మార్చేస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన సూత్రం ఇదే. పెట్టెలో బట్టలు, టేబుల్ మీద పుస్తకం లాంటి కంటికి కనిపించే చోట్ల ఇది చక్కగా పనిచేస్తుంది. అక్కడ కుదిరింది కదా అని అన్నిచోట్లా వాడితేనే చిక్కు. మనకు ఒకరి మీద కోపం వస్తుంది. ఇంగ్లిష్‌లో "యాంగ్రీ విత్ మి" అంటారు, "యాంగ్రీ ఆన్ మి" అనరు. మనకు ఒకరితో పెళ్లవుతుంది; అక్కడ "మ్యారీడ్ టు". లెక్కల్లో దిట్ట అంటే "గుడ్ ఎట్ మ్యాథ్స్".

బస్సులో ఉన్నా కారులో ఉన్నా మనకు "లో" ఒక్కటే. ఇంగ్లిష్‌లో "ఆన్ ది బస్", "ఇన్ ది కార్". లేచి అటూ ఇటూ నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు "ఆన్", కూర్చోవడమే తప్ప నిలబడే వీల్లేని కారు, ఆటోలకు "ఇన్" అని గుర్తుపెట్టుకోండి. బైకు, సైకిలు పైకెక్కి కూర్చునేవి కాబట్టి వాటికీ "ఆన్".

"నుంచి" దగ్గరైతే ఏటా ఇదే గొడవ. రెండేళ్ల నుంచి, 2022 నుంచి అని మనం రెండిటికీ ఒకే మాట వాడతాం. అందుకే "సిన్స్ టు ఇయర్స్" అని నోటికొచ్చేస్తుంది. ఎంత కాలమో చెబితే "ఫర్ టు ఇయర్స్", ఎప్పుడు మొదలైందో చెబితే "సిన్స్ 2022".

కొన్నిచోట్ల మన విభక్తికి బదులుగా ఇంగ్లిష్‌లో ఏమీ రాదు. దాని గురించి చర్చించాం అంటే "డిస్కస్డ్ ఇట్", అబౌట్ అక్కర్లేదు. విజయవాడకు చేరాను అంటే "రీచ్డ్ విజయవాడ", టు అక్కర్లేదు. నాకు చెప్పాడు అంటే "టోల్డ్ మి". అదే "సెడ్" వాడితే మాత్రం "సెడ్ టు మి" అనాల్సిందే.

ఇన్ని ఎలా గుర్తుంటాయని అడుగుతారు. నోటుబుక్కులో "డిపెండ్" అని ఒంటరిగా రాయకండి, "డిపెండ్ ఆన్" అని జంటగా రాయండి. అలాగే "అఫ్రెయిడ్ ఆఫ్", "సీనియర్ టు". చిన్న మాటను దాని పక్కనుండే మాటే నిర్ణయిస్తుంది కాబట్టి రెండిటినీ కలిపే నేర్చుకోవాలి.

అపోహ: తెలుగులో ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) లేవు, కాబట్టి మనకు అవి అర్థం కావు.

"అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు." మొదటిసారి చెప్పినప్పుడు "ఒక", ఎవరో తెలిశాక "ఆ". ఇంగ్లిష్‌లో "ఎ కింగ్", తర్వాత "ది కింగ్". మూడేళ్ల పిల్లకు కూడా తెలిసిన లెక్క ఇది. తేడా ఏమిటంటే మనం చాలాసార్లు ఆ మాట వదిలేసినా తప్పు కాదు, ఇంగ్లిష్‌లో వదిలితే తప్పు.

తప్పే కాదు, అర్థం కూడా మారిపోవచ్చు. పిల్లవాడు చదువుకోవడానికి "గోస్ టు స్కూల్". వాడి ఫీజు కట్టడానికి నాన్న వెళ్తే "గోస్ టు ది స్కూల్". "ఐ హావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్" అంటే కొందరు స్నేహితులున్నారని. ఆ "ఎ" తీసేస్తే స్నేహితులు పెద్దగా లేరనే బాధ వినిపిస్తుంది. నదులకు "ది" ఉంటుంది: ది గోదావరి, ది కృష్ణా. వాటి ఒడ్డున ఉన్న రాజమండ్రికీ విజయవాడకీ ఉండదు.

అపోహ: ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలతో మొదలైతే "యాన్".

అక్షరం కాదు, శబ్దం చూడాలి. ఇక్కడ మన లిపి గొప్ప సాయం. పలికినట్టే తెలుగులో రాసి మొదటి అక్షరం చూడండి. అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే, ఎస్సై, ఎఫ్ఐఆర్: అన్నీ అచ్చులే, "యాన్" పెట్టండి. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ రుపీ కాయిన్: హల్లులు, "ఎ" చాలు. "యెమ్మెల్యే" అని పలికే అలవాటుంటే ఆ "య" మనం చేర్చుకున్నదని గుర్తుంచుకోండి.

అపోహ: "మి" మొరటు, "అండ్ ఐ" మర్యాద.

"సర్ కాల్డ్ రవి అండ్ ఐ" అని గొప్పగా చెబుతారు. రవిని తీసేసి చూడండి: "సర్ కాల్డ్ ఐ" అంటామా? తెలుగులో అనుకుని చూసినా తేలిపోతుంది. నేను అయితే "ఐ", నన్ను అయితే "మి". సారు రవినీ నన్నూ పిలిచారు కాబట్టి "రవి అండ్ మి". ప్రిపోజిషన్ (ఇన్, ఆన్, విత్ లాంటి మాట) తర్వాత కూడా అంతే: "బిట్వీన్ యు అండ్ మి". పరిచయం చేసుకునేటప్పుడు "మైసెల్ఫ్ సురేష్" వద్దు, "ఐ యామ్ సురేష్" అనండి.

అపోహ: "దే" ఎప్పుడూ బహువచనమే.

ఆడో మగో తెలియని ఒక్కరి గురించి "సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా" అనడం 14వ శతాబ్దం నుంచీ ఉంది. పరిశోధన పత్రాల్లో ఎక్కువగా పాటించే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి కూడా 2019లో వచ్చిన ఏడో కూర్పులో దీన్ని ఆమోదించింది. ఒక్కరినే మీరు, వారు అనే మనకు ఇది వింతగా తోచకూడదు. పోటీ పరీక్షల్లో మాత్రం "ఎవ్రీవన్" తర్వాత "హిజ్" కోరే పాత పద్ధతి ప్రశ్నలు ఇంకా కనిపిస్తాయి. ఆప్షన్లన్నీ చూశాకే గుర్తు పెట్టండి.

అపోహ: వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదు.

1672లో జాన్ డ్రైడన్ అనే కవి, బెన్ జాన్సన్ రాతల్లో దీన్ని తప్పుపట్టాడు. తర్వాత వచ్చిన వ్యాకరణాలు దాన్ని నియమంగా మోసుకొచ్చాయి. "వాట్ ఆర్ యు లుకింగ్ ఫర్?" అని ఇంగ్లిష్ వాళ్లు రోజూ అడుగుతారు. మీరూ ధైర్యంగా అడగండి.