చైనా నుంచి వచ్చిన మూడు భాషల రాయి

పిల్లలూ,

సముద్రయానాలు అనగానే మీరు కొలంబస్ పేరు, వాస్కో డ గామా పేరు చెబుతారు. వాళ్లకన్నా ఎన్నో ఏళ్ల ముందే, 1405లో, చైనా నుంచి ఒక పెద్ద నౌకాదళం మన సముద్రాల వైపు బయల్దేరింది. 27,000 మందికి పైగా మనుషులు! సైనికులు, నావికులు, వైద్యులు, దుభాషీలు అందరూ ఉన్నారు. నాయకుడి పేరు జెంగ్ హె. చైనాలోని యునాన్‌లో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే అప్పటి చైనా రాజవంశమైన మింగ్ సైన్యానికి బందీగా చిక్కి, ఒక రాకుమారుడి కొలువులో పెరిగాడు. ఆ రాకుమారుడే తర్వాత యోంగ్లే చక్రవర్తి అయ్యాడు. 1433 దాకా ఏడుసార్లు ఈ నౌకలు వచ్చాయి, తూర్పు ఆఫ్రికా తీరం వరకూ వెళ్లాయి.

అవి తెరచాపల ఓడలు. చలికాలం ఈశాన్య గాలికి ఇటు రావాలి, నైరుతి గాలి మొదలయ్యాక వెనక్కి పోవాలి. గాలి మళ్లేదాకా రేవుల్లో నెలల తరబడి ఆగక తప్పదు. నన్నడిగితే ఆ ఆగడంలోనే ఉంది అసలు కథంతా.

కేరళలోని కోళికోడ్‌లో ఏం జరిగేదో ఆ నౌకలతో వచ్చిన ‘మా హువాన్’ అనే చైనా దుభాషి రాసిపెట్టాడు. చైనా పట్టుకు, ఇక్కడి ముత్యాలకూ రత్నాలకూ ధర తేలడానికి ఒక్కోసారి రెండు మూడు నెలలు పట్టేదట. బేరం కుదిరాక అందరూ చేతులు కలిపేవారు. ఆ తర్వాత ధర పెరిగినా తగ్గినా మాట తప్పకూడదు. అక్కడి లెక్కగాళ్లకు పూసల చట్రం అక్కర్లేదు. చేతివేళ్లు, కాలివేళ్లు కలిపి ఇరవైతోనే లెక్క కట్టేవారు, పొల్లు పోయేది కాదు. అది చూసి మా హువాన్ ఆశ్చర్యపోయాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1409 నాటి ఒక శిలాఫలకం. చైనాలోనే చెక్కించి శ్రీలంకకు ఓడలో తెచ్చారు. దానిమీద చైనా భాషలో బుద్ధుణ్ణి, తమిళంలో తేనవరై నాయనారు అనే పేరుతో విష్ణువును, పార్శీలో (పర్షియన్ భాషలో) అల్లాను కొలిచారు. బంగారం, వెండి, పట్టు, సుగంధ తైలం వంటి కానుకల చిట్టా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎవరి దేవుడికీ చిన్నచూపు లేదు. రాజకీయం లేదని కాదు, కానీ ఎదుటివారి మొక్కు వారి భాషలోనే మొక్కడం ఎంత మర్యాద!

ఇంకో సంగతి మీ దగ్గర దాచను. ఆ రాయి తెచ్చిన యాత్రలోనే శ్రీలంకలో యుద్ధం జరిగింది. అక్కడి పాలకుణ్ణి బందీ చేసి చైనాకు తీసుకుపోయారు, చక్రవర్తి తర్వాత విడిచిపెట్టాడు. ఆ కానుకలూ నిజం, ఈ కత్తులూ నిజం.

1911లో శ్రీలంకలోని గాలె ఊళ్లో ఒక తూము మీద కప్పురాయిగా వాడుతుంటే ఈ శిల బయటపడింది. ఇప్పుడు కొలంబో జాతీయ మ్యూజియంలో ఉంది. పార్శీ భాగం బాగా అరిగిపోయింది. వెళ్లే వీలు చిక్కితే తమిళం వచ్చిన నేస్తాన్ని వెంట తీసుకెళ్లండి, కొన్ని మాటలైనా చదివి చెబుతారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య