ఆఫీసులు కలిపేస్తే డబ్బు మిగిలిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను బెంగళూరులో సీఏని, ప్రభుత్వ బోర్డులు, కార్పొరేషన్ల ఆడిట్లు చూస్తుంటా. మారతహళ్లిలో మనవాళ్లు నలుగురు కలిస్తే చాలు, "ఇన్ని బోర్డులెందుకండీ, కలిపేస్తే పోలా" అంటారు. కలపొచ్చు, కాదనను, కానీ డబ్బు మిగిలేది మీరనుకునే చోట కాదు.

అపోహ: కలిపిన మర్నాటి నుంచే జీతాల ఖర్చు తగ్గుతుంది.
వాస్తవం: పర్మినెంట్ స్టాఫ్‌ని ఎవరూ ఇంటికి పంపరు. వెంటనే పోయేది ఒక ఎండీ కుర్చీ, బోర్డు మీటింగుల ఫీజులు, రెండు మూడు కార్లు, అంతే. మిగతాదంతా రిటైరైనవాళ్ల పోస్టులు నింపకపోతే మెల్లగా వచ్చేదే. పైగా మొదట్లో ఖర్చు పెరుగుతుంది కూడా, ఎందుకంటే ఇక్కడ అలవెన్సు ఎక్కువ, అక్కడ ప్రమోషన్ ముందొస్తుంది, కలిపినప్పుడు తక్కువదానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి అందరికీ ఎక్కువదే ఇవ్వాల్సొస్తుంది. ఇక సీనియారిటీ లిస్టు మీద కోర్టు కేసులంటారా, అదో భారతం.

అపోహ: అయితే మిగిలేదేం లేదన్నమాట.
వాస్తవం: ఉంది, బ్యాంకుల్లో. ఒక్కో సంస్థకి స్కీముకో ఖాతా, జిల్లాకో ఖాతా ఉంటాయి. ఒకచోట ఎప్పుడో ఆగిపోయిన ట్రైనింగ్ స్కీము డబ్బు ఖాతాలో అలాగే పడుంది, ఏటా వడ్డీ పడుతోంది, బ్యాంకు నుంచి బ్యాలెన్స్ లెటర్ వస్తోంది, గుమాస్తా పంచ్ చేసి ఫైల్లో పెట్టేస్తున్నాడు, చెక్కు మీద సంతకం పెట్టాల్సిన ఆఫీసరేమో బదిలీ అయి ఏళ్లైంది, ఆ పేరు మార్చినవాడే లేడు. సేవింగ్స్ ఖాతాలో దీనికొచ్చేది రెండున్నర, మూడు శాతం, అదే ప్రభుత్వం బాండ్లు అమ్మి తెచ్చే అప్పుకి కట్టేది ఏడు శాతం చుట్టుపక్కల. ఆ తేడా కట్టేది మనమే. కేంద్రం కొంత డబ్బిచ్చి రాష్ట్రాలు నడిపే స్కీములకి 2021లో ఒక్కో స్కీముకి రాష్ట్రంలో ఒకే నోడల్ ఏజెన్సీ (ఆ స్కీము డబ్బు చూసుకునే ఆఫీసు), దానికో ఖాతా అని రూలు తెచ్చింది ఇందుకే. దీనికి ఏ సంస్థనీ ఇంకోదాంట్లో కలపక్కర్లేదు, అదీ విశేషం.

అపోహ: సంస్థ పెద్దదైతే పని బాగా జరుగుతుంది.
వాస్తవం: మన ఊరే చూడండి. 2007లో బెంగళూరు పాత నగర పాలికెకి (అంటే మున్సిపల్ కార్పొరేషన్‌కి) మహదేవపుర, కేఆర్ పురం లాంటి ఏడు మున్సిపాలిటీలు, కెంగేరి, చుట్టూ ఉన్న 110 గ్రామాలు కలిపి బీబీఎంపీ అనే ఒకే పెద్ద కార్పొరేషన్ చేశారు. ఆ గ్రామాల కోసమని కావేరి తాగునీటి పథకం ఐదో దశ నీళ్లు వదిలింది 2024 అక్టోబర్‌లో. అంతదాకా బోరూ ట్యాంకరే కదా (నీళ్ల బోర్డు వేరు అనుకోండి, నేననేదీ అదే, మ్యాపు మీద గీత మార్చినంత మాత్రాన పైపుకి డబ్బు రాదు). 2025లో మళ్లీ దాన్నే ఐదు కార్పొరేషన్లు చేసి పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ పెట్టారు. ఢిల్లీ కార్పొరేషన్‌ది ఉల్టా, 2012లో మూడు ముక్కలు చేసి 2022లో మళ్లీ కలిపారు.

అపోహ: ఒక్క ఆర్డరిస్తే అయిపోతుంది.
వాస్తవం: చట్టంతో పుట్టిన బోర్డుని చట్టంతోనే రద్దు చేయాలి.

అపోహ: "ఇన్ని పోస్టులు రద్దు, ఇన్ని కోట్లు ఆదా" అని వార్తొస్తే అది నిజంగా ఆదానే.
వాస్తవం: అందులో ఖాళీ పోస్టులెన్నో ముందు అడగండి. ఏళ్ల తరబడి మనిషే లేని పోస్టుకి జీతం ఎప్పుడిచ్చారు, ఇప్పుడు మిగలడానికి?