జీఆర్‌పీసీ కనెక్షన్ల ఆయుష్షు: అపోహలు - వాస్తవాలు

జీఆర్‌పీసీ అంటే ఒక ప్రోగ్రామ్ (క్లయింట్) నెట్‌వర్క్ మీదుగా మరో ప్రోగ్రామ్‌లోని (సర్వర్) ఫంక్షన్‌ను పిలిచే పద్ధతి. ఆ ఒక్కో పిలుపే కాల్.

అపోహ: ప్రతి కాల్‌కూ డెడ్‌లైన్ (జవాబుకు గడువు) పెట్టాం కదా, చచ్చిన కనెక్షన్ దానంతట అదే పోతుంది.

పోదు. డెడ్‌లైన్ దాటితే రద్దయ్యేది ఆ ఒక్క కాలే. జీఆర్‌పీసీ వాడే హెచ్‌టీటీపీ/2లో ఒకే టీసీపీ కనెక్షన్ మీద ఎన్నో కాల్స్ వేర్వేరు స్ట్రీములుగా నడుస్తాయి. క్లయింట్ గడువు తీరిన స్ట్రీమ్‌ను మాత్రం రీసెట్ చేసి ఊరుకుంటుంది. ఛానెల్ (కాల్స్ కోసం క్లయింట్ తెరిచి ఉంచుకునే దారి) ఇంకా 'రెడీ' అనే చెబుతుంది. అవతలి మెషీన్‌కు ఉన్నట్టుండి కరెంటు పోయిందనుకోండి. కనెక్షన్ ముగిసిందని చెప్పే టీసీపీ సంకేతాలు, ఫిన్ గానీ రీసెట్ గానీ, రావు. లినక్స్ కెర్నెల్ అవే బైట్లను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు మళ్లీ పంపాలో చెప్పే టీసీపీ_రిట్రైస్2 సెట్టింగ్ డిఫాల్టు 15 కాబట్టి ఈ ప్రయత్నం సుమారు 15 నిమిషాలు సాగుతుంది. అంతసేపూ కొత్త కాల్స్ అన్నీ అందులోకే వెళ్లి డెడ్‌లైన్ ఎక్సీడెడ్‌తో తిరిగొస్తాయి. అది చూసి అందరూ సర్వర్ స్లో అయిందని అటు వెతుకుతారు.

గుర్తుపట్టడం తేలికే. క్లయింట్ మెషీన్‌లో కనెక్షన్ల జాబితా చూపే 'ఎస్ఎస్ -టీఎన్ఓ' (ss -tno) కొట్టండి. ఆ కనెక్షన్ సాకెట్ సెండ్-క్యూ (అవతల అందినట్టు ఇంకా తేలని బైట్లు) సున్నాకు దిగదు. పక్కనే టైమర్ 'ఆన్' అని ఉండి, బ్రాకెట్లో చివరి అంకె (ఎన్నిసార్లు మళ్లీ పంపిందో) ఎక్కుతూ పోతుంటుంది.

అపోహ: దానికి టీసీపీ కీప్‌అలైవ్ (అవతలి వైపు బతికుందో లేదో కెర్నెల్ ప్రోబ్ పంపి చూడటం) ఉందిగా.

లినక్స్ డిఫాల్టులో మొదటి ప్రోబ్ వెళ్లేది 7200 సెకన్లకు. పైగా పంపిన డేటాకు అక్నాలెడ్జ్‌మెంట్ రావాల్సి ఉండగా ఈ ప్రోబ్‌లు అసలు వెళ్లవు. కావలసింది జీఆర్‌పీసీ సొంత కీప్‌అలైవ్, అంటే హెచ్‌టీటీపీ/2 పింగ్. క్లయింట్ వైపు ఇది డిఫాల్టుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే, పింగ్‌కు 20 సెకన్లలో జవాబు రాకపోతే కనెక్షన్ మూసేస్తుంది.

అపోహ: అయితే 10 సెకన్లకో పింగ్ పెట్టేద్దాం.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. సర్వర్‌కూ ఒక హద్దుంది: డిఫాల్టుగా 5 నిమిషాలకు ఒకటి కంటే ఎక్కువ పింగ్‌లు ఒప్పుకోదు. రెండు తప్పులు క్షమించి, ఆపైన 'టూ_మెనీ_పింగ్స్' అంటూ గోఅవే (ఈ కనెక్షన్ ఇక చాలు అనే సందేశం) పంపి కనెక్షన్ తెంపేస్తుంది. ఆ ఎర్రర్ కోడ్ పేరే 'ఎన్‌హాన్స్ యువర్ కామ్', కాస్త నెమ్మదించు నాయనా అన్నట్టు. కాల్స్ ఏవీ లేనప్పుడు పింగ్ చేస్తే ఇంకా కఠినం, ఆ హద్దు 2 గంటలు.

అందుకే రెండు వైపులా కలిపి మార్చాలి. దారిలోని లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లను సర్వర్లకు పంచేది) ఐడిల్ టైమౌట్, అంటే ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను అది ఎంతసేపు ఉంచుతుందో, ముందు చూసుకోండి. డిఫాల్టుగా ఏడబ్ల్యూఎస్ ఎన్ఎల్‌బీలో (నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్) టీసీపీకి 350 సెకన్లు, అజూర్‌లో 4 నిమిషాలు. క్లయింట్ పింగ్ 200 సెకన్లు, సర్వర్ కనీస వ్యవధి 150 సెకన్లు, 'పర్మిట్ వితౌట్ స్ట్రీమ్' (కాల్స్ లేనప్పుడూ పింగ్‌కు అనుమతి) రెండు చోట్లా ట్రూ పెడితే ఈ రెండు లోడ్ బ్యాలెన్సర్లతోనూ సరిపోతుంది. సర్వర్ మార్పు ముందు డిప్లాయ్ చెయ్యాలి, క్లయింట్ తర్వాత.

అపోహ: కనెక్షన్ ఎంత కాలం బతికితే అంత మంచిది.

కాల్‌కో కొత్త ఛానెల్ తెరవడం తప్పే, ఒప్పుకుంటాం. కానీ కుబెర్నెటీస్‌లో (సర్వర్ ప్రోగ్రామ్‌లను చాలా మెషీన్ల మీద నడిపే వ్యవస్థ) క్లస్టర్‌ఐపీ, అంటే సర్వీసుకిచ్చే ఉమ్మడి చిరునామా, పాడ్‌ను (నడుస్తున్న ఒక్కో సర్వర్ కాపీ) ఎంచుకునేది కనెక్షన్ పుట్టినప్పుడు మాత్రమే. పాడ్‌లను 3 నుంచి 10కి పెంచినా పాత క్లయింట్లు ఆ మూడింటినే పట్టుకుని వేలాడతాయి. హెడ్‌లెస్ సర్వీసు (డీఎన్ఎస్‌లో అన్ని పాడ్‌ల చిరునామాలూ ఇచ్చేది), రౌండ్ రాబిన్ (వాటికి వంతులవారీగా కాల్స్ పంపడం) పెట్టినా గో భాష లైబ్రరీలో డీఎన్ఎస్‌ను మళ్లీ అడిగేది కనెక్షన్ తెగినప్పుడే. మందు సర్వర్ దగ్గరుంది: మ్యాక్స్ కనెక్షన్ ఏజ్, అంటే కనెక్షన్ గరిష్ఠ వయసు. 30 నిమిషాలు పెడితే లైబ్రరీయే 10 శాతం అటూ ఇటూ జరిపి 27-33 మధ్య తెంపుతుంది, అందరూ ఒక్కసారే వచ్చి పడకుండా. దాని తోడు గ్రేస్ విలువకు (వయసు తీరాక నడుస్తున్న కాల్స్ ముగియడానికిచ్చే అదనపు సమయం) డిఫాల్టు అనంతం. అది మార్చకపోతే ఒక్క పొడవాటి స్ట్రీమ్ పాత కనెక్షన్‌ను ఎన్నాళ్లయినా బతికిస్తుంది. 5 నిమిషాలు పెట్టి, తెగిన చోటునుంచి అందుకునేలా స్ట్రీమ్ కోడ్ రాయండి.

అపోహ: సర్వర్‌ను ఆపేటప్పుడు గ్రేస్‌ఫుల్‌స్టాప్ పిలిస్తే అన్నీ సజావుగా ముగుస్తాయి.

గోలో అది చివరి కాల్ అయ్యేదాకా ఆగుతుంది. వాచ్ (మార్పులను ఎప్పటికప్పుడు చెబుతూ ఉండే కాల్) లాంటి ఎడతెగని స్ట్రీమ్ ఒక్కటున్నా చాలు, కదలదు. పాడ్ ఆగడానికి కుబెర్నెటీస్ ఇచ్చే డిఫాల్టు 30 సెకన్లు అయ్యాక సిగ్‌కిల్ (ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపే సంకేతం) పడుతుంది. అందుకే ఇలా పంచండి: ప్రీస్టాప్‌లో (పాడ్‌ను ఆపే ముందు కుబెర్నెటీస్ నడిపే మెట్టు) 5 సెకన్ల స్లీప్ (ఎండ్‌పాయింట్ల జాబితాలోంచి పాడ్ పేరు పోయే లోపు కొత్త కనెక్షన్లు వస్తూనే ఉంటాయి), ఆపై గ్రేస్‌ఫుల్‌స్టాప్‌కు 20 సెకన్లు, అప్పటికీ అవకపోతే మిగిలిన కాల్స్‌ను వెంటనే తెంపే స్టాప్. ప్రీస్టాప్ సమయం కూడా ఆ 30లోనే లెక్క.