నగరపు గుడ్లగూబలకు ‘కొత్త రక్తం’ తెచ్చి కలపాలా?

గుడ్లగూబల డీఎన్‌ఏ పరీక్షించడం నా పని. తరచూ వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న: “మా వీధి చెట్టు మీది జంట ఏళ్ల తరబడి అక్కడే ఉంది. పిల్లలన్నీ ఒకే వంశం. వేరే చోటి నుంచి ఒక పక్షిని తెచ్చి వదలమంటారా?” ఆ పక్షుల మీద బెంగతోనే అడుగుతారు, అది నాకు తెలుసు. కానీ దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: మనం కొత్త పక్షులను తెచ్చి కలపకపోతే నగరపు గుడ్లగూబలు అంతఃప్రజననంతో, అంటే దగ్గరి రక్తసంబంధం ఉన్నవే జతకట్టడంతో, నశిస్తాయి.

వాస్తవం: చాలా జాతుల్లో పెద్ద పక్షులు స్థావరం వదలవు, నిజమే. పిల్లలు మాత్రం వేట నేర్చుకోగానే కొత్త చోటు వెతుక్కుంటూ వెళ్లిపోతాయి. సాధారణంగా ఆడ పిల్లలు మరింత దూరం వెళ్తాయి. జన్యువుల రాకపోకలు సాగేది ఆ ప్రయాణంతోనే. తరానికి బయటి నుంచి ఒక్క పక్షి వచ్చినా జన్యు వైవిధ్యం పెద్దగా తరిగిపోదని జన్యుశాస్త్రంలో పాత సూత్రం ఉంది. ఒకటి చాలదు, పది దాకా కావాలనేవారూ ఉన్నారు. ఎవరి లెక్కలోనైనా షరతు ఒకటే: వచ్చిన పక్షి జతకట్టి పిల్లలను పెంచాలి.

తెచ్చి వదిలిన పక్షికి ఆ అవకాశం దక్కడం కష్టం. ఎలుకలు ఎక్కడ దొరుకుతాయో, పగలు ఎక్కడ దాక్కోవాలో దానికి తెలియదు. స్థావరం ఉన్న జంట దాన్ని తరిమి కొడుతుంది. అలా వదిలిన ఒక పక్షిని చివరికి నా బల్ల మీద చూశాను. తల మీద గోళ్ల గాట్లు. కండ కరిగిపోయి ఛాతీ ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. దాని జన్యువులు ఏ గూటికీ చేరలేదు. పైగా ఇలాంటి తరలింపులతో రోగాలూ కొత్త చోటికి చేరతాయి.

మనం కాపాడాల్సింది బయలుదేరిన పిల్లలను. తక్కువ ఎత్తులో ఎగురుతూ రోడ్డు దాటేటప్పుడు అవి వాహనాలకు బలవుతున్నాయి. మందు తిన్న ఎలుకలను పట్టి తింటే ఆ విషం వాటి కాలేయంలో పేరుకుంటుంది. చెట్లపై ఉండే చాలా జాతుల పిల్లలు ఎగరడం రాకముందే గూడు దాటి బయటికొస్తాయి. కింద కనిపించిన పిల్లకు గాయం లేకపోతే దాన్ని అడవికి తీసుకెళ్లకండి. ముక్కుతో, గోళ్లతో పట్టుకుని అది మళ్లీ చెట్టెక్కగలదు.

అపోహ: రాత్రంతా కూతలు వినిపిస్తున్నాయంటే వైవిధ్యానికి లోటు లేనట్టే.

వాస్తవం: సంఖ్య వేరు, వైవిధ్యం వేరు. అర్జెంటీనాలో బొరియల్లో గూడు పెట్టే గుడ్లగూబల జీనోములను (మొత్తం డీఎన్‌ఏను) చదివి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కో నగరంలో విడివిడిగా కొద్ది పక్షులే మొదట స్థిరపడ్డాయని తేలింది. చుట్టుపక్కల పల్లెల్లోని వాటికంటే నగర పక్షుల్లో వైవిధ్యం తక్కువ. అయినా హడావిడి పడనక్కర్లేదు. బయటి నుంచి ఒక్క పక్షీ రాకపోయినా, ప్రజనన లెక్కలో (అంటే తర్వాతి తరానికి జన్యువులు అందించే పక్షుల లెక్కలో) 50 పక్షులకు సమానమైన గుంపు తరానికి సుమారు 1 శాతం వైవిధ్యాన్నే కోల్పోతుంది.

నగరంలో కొత్త జాతి పుట్టిందన్నది ఉత్త పుకారు. కొన్ని దశాబ్దాల్లో అలా జరగదు.

డీఎన్‌ఏ కోసం పక్షిని పట్టి తీరాలన్నదీ నిజం కాదు. రాలిన ఈక చాలు. కాడ మీది చిన్న రంధ్రం దగ్గర ఎండిన నల్లటి రక్తపు చుక్క ఉంటుంది. దాన్ని బ్లేడుతో కోసి తీస్తాం. ఈక కనిపిస్తే అనుమతి ఉన్న పరిశోధకులకు చోటు, తేదీ చెప్పండి. వాళ్లు దాన్ని కాగితపు కవరులోనే భద్రపరుస్తారు. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది.