సెకండ్ హ్యాండ్ నేకెడ్ బండి: పర్లాకిమిడి షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మా మెకానిక్ షెడ్డు ఒడిశాలోని పర్లాకిమిడిలో. ఆంధ్రా పాతపట్నం పక్కనే కాబట్టి సగం బళ్లు ఏపీ నెంబరువి, సగం ఓడీ నెంబరువి. ఇంజిన్ బయటికి కనిపించే నేకెడ్ బళ్ల మోజు మా కుర్రాళ్లకి బాగా పట్టింది. కొత్తది కొనే స్తోమత లేక పాతది చూసుకుని, "గురువుగారూ, డ్యూకా, ఎమ్‌టీయా, ఎన్‌ఎస్సా?" అని అడుగుతారు (డ్యూక్ కేటీఎంది, ఎమ్‌టీ యమహాది, ఎన్‌ఎస్ బజాజ్ పల్సర్). కంపెనీ సంగతి తర్వాత, ముందు ఏ బండి చూశావో ఆ బండిని తీసుకురా అంటాను నేను.

అపోహ: నేకెడ్ బండి పడినా ఖర్చుండదు. పగలడానికి ప్లాస్టిక్ ఎక్కడుంది?

ఫెయిరింగ్, అంటే ఇంజిన్ చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉన్న బండి పడితే ముందు ప్లాస్టిక్ పగులుతుంది, దెబ్బ అందరికీ కనిపిస్తుంది. దీనికి ఆ అడ్డు లేదు. దెబ్బ నేరుగా హ్యాండిల్‌కి, ట్యాంకుకి, ఇంజిన్ కేసుకి తగులుతుంది. లీవర్లు, అద్దాలు, ఫుట్‌రెస్టులు మార్చేసి ట్యాంకు మీద స్టిక్కరు వేస్తే పైకి ఏమీ కనిపించదు.

కానీ హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి ఛాసిస్ మెడ దగ్గర టార్చి వేసి చూడండి. హ్యాండిల్ ఎక్కడ ఆగాలో అక్కడ చిన్న ఇనుప స్టాపరు ఉంటుంది. అది వంగినా, నొక్కుకుపోయినా, అక్కడ మాత్రమే పెయింటు కొత్తగా మెరుస్తున్నా బండి గట్టిగా గుద్దుకుందనే లెక్క. తర్వాత బండి పక్కన నిలబడి ముందు టైరుకీ రేడియేటర్‌కీ మధ్య సందు చూడండి. అదే మోడల్ ఇంకో బండితో పోలిస్తే తక్కువగా ఉందంటే ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు) వెనక్కి వంగాయి. అలాంటి బండి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

రేడియేటర్ అన్నాను కదా. డ్యూక్ 200, ఎన్‌ఎస్ 200, ఎమ్‌టీ-15 మూడూ కూలెంట్ బళ్లే, అంటే ఇంజిన్‌ని ఒక ద్రవం చల్లబరుస్తుంది. రేడియేటర్ ముందు చక్రం వెనకే ఉంటుంది, రాయి ఎగిరితే తగిలేది దానికే. మోహన మీదుగా తప్తపాణి ఘాట్ దిగి బరంపురం వెళ్లొచ్చే బండైతే రేకులు ఎంత నలిగాయో దగ్గరగా చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే రేడియేటర్ మూత తీయండి. లోపల తుప్పు రంగు నీళ్లుంటే కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసి తిప్పారన్నమాట. పాల మీగడలా నూనె తేలుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగాన్ని మూసే సీలు) మీద అనుమానపడాలి. ఆ తర్వాత స్టార్ట్ చేసి నిలబెట్టి ఉంచండి. వేడెక్కాక ఫ్యాను తనంతట తాను తిరగాలి. తిరగకపోతే ఆ రిపేరు ఎంతవుతుందో తెలుసుకున్నాకే బేరం ఆడండి.

అపోహ: యమహా అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు, కేటీఎం అయితే జేబుకి చిల్లు, ఎన్‌ఎస్ అంటే చవక డ్యూకే

మూడో మాటలో సగం నిజముంది. డ్యూక్ 200, ఎన్‌ఎస్ 200 రెండూ 199.5 సీసీ, బోరూ (సిలిండర్ వెడల్పు) స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) ఒకటే: 72, 49 మిల్లీమీటర్లు. రెండూ బజాజ్ ఫ్యాక్టరీల్లో తయారైనవే. కానీ ఇంజిన్ పై భాగం, అంటే హెడ్ వేరు. డ్యూక్‌ది డబుల్ క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టులు రెండు). ఎన్‌ఎస్‌ది సింగిల్ క్యామ్, మూడు ప్లగ్గులు. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చేదాకా ఇక్కడి ఎన్‌ఎస్ కార్బొరేటర్ బండి. దాన్ని ఊళ్లో ఏ మెకానిక్ అయినా విప్పి సర్దగలడు. కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్ ఉన్న బండికి లోపం చదివే స్కానర్ కావాలి. ఆ స్కానర్ మీకు దగ్గర్లో ఎవరి దగ్గరుందో కొనకముందే అడగండి. సామాను బరంపురం నుంచి రావాలంటే బండి నాలుగు రోజులు షెడ్డులోనే పడి ఉంటుంది.

యమహా మీద నాకూ గౌరవం ఉంది. ఎఫ్‌జెడ్ ఇంజిన్ మొండిది, నిజమే. కానీ చైన్ ఎండగట్టి, ఆయిల్ మార్చకుండా తిప్పిన ఎఫ్‌జెడ్ కంటే ఒకే మనిషి జాగ్రత్తగా వాడిన టీవీఎస్ అపాచీ 200 4వీ మేలు. అపాచీకి ఆయిల్ కూలింగ్ కాబట్టి కూలెంట్ గొడవ లేదు. ఎమ్‌టీ-15 తేలిక బండి, ఆరు గేర్లు. ఒక్కడివే తిరిగితే దాన్ని మించింది లేదు. అమ్మని వెనక కూర్చోబెట్టుకుని సంతకి తీసుకెళ్లాలంటే మాత్రం ఆ వెనక సీటు ఆవిడకి శిక్షే. అలాంటి ఇంటికి ఎఫ్‌జెడో, సుజుకి జిక్సరో చాలు. డ్యూక్ అంటారా, ఒక్క ప్రశ్న: ముందు ఓనరు సర్వీసు బిల్లులు చూపించాడా? చూపించకపోతే నేను ముందుకెళ్లను.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కూడా చూసుకోండి. 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. అంతకుముందు బళ్లలో చాలావాటికి లేదు. ఘాట్‌లో వానకి తిరిగేవాళ్లు నాలుగు వేలు ఎక్కువైనా ఉన్నదే తీసుకోండి.

అపోహ: ఏపీ నెంబరు బండి చవక. సి-బుక్కు చేతిలో ఉంటే చాలు, ఇక్కడ తిప్పుకోవచ్చు

మా సరిహద్దులో అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. పాతపట్నంలో బేరం కుదురుతుంది, పేరు మార్పుకి కావాల్సిన 29, 30 ఫారాల మీద ఖాళీ సంతకాలు పెట్టించుకుంటారు, బండి పర్లాకిమిడి వచ్చేస్తుంది. పేరు మార్పు మాత్రం జరగదు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నెంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. అందుకు మొదట రిజిస్టర్ అయిన ఆఫీసు నుంచి 28వ ఫారం మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఆంధ్రాలో కట్టిన లైఫ్ ట్యాక్స్ ఇక్కడ చెల్లదు. బండి వయసును బట్టి ఒడిశాలో మళ్లీ కట్టాలి. ఈ ఖర్చు కలుపుకుంటే చవక బండి చాలాసార్లు చవక కాదు.

లోన్ బండైతే సి-బుక్కులో ఫైనాన్స్ పేరు తీసేశారో లేదో చూడండి. లోన్ తీరిందని చెప్పే 35వ ఫారం లేకుండా అది తొలగదు. ఎంపరివాహన్ యాప్‌లో నెంబరు కొడితే ఫైనాన్స్, ఇన్సూరెన్స్ తేదీ రెండూ బయటపడతాయి. పెండింగ్ చలానాలు ఈ-చలాన్ సైట్‌లో చూడండి.

అమ్మేవాళ్లకీ ఒక మాట. పేరు మారకుండా బండి ఇచ్చేసి ఊరుకుంటే, రేపు యాక్సిడెంట్ జరిగితే రికార్డులో పేరున్నవాడే ఓనరు. సుప్రీంకోర్టు 2018లో ఇదే తేల్చింది. తమ్ముడి స్నేహితుడికే ఇచ్చాం కదా అంటే కోర్టు వినదు.

అపోహ: రీడింగ్ తక్కువుంటే బండి కొత్తదే

మీటరు మార్చొచ్చు. బ్రేకు పెడలు అంచు, గేరు లీవరు రబ్బరు, స్ప్రాకెట్ పళ్లు మార్చడం గుర్తు రాదు. టైరు మీద నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. పదిహేను వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పే 2019 బండికి టైర్లు 2023వి అయితే ఎందుకు మార్చారని అడగండి.

ఇంకో మెలిక. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఇటు మా గజపతి జిల్లా, అటు శ్రీకాకుళం రెండూ నీళ్లలో ఉన్నాయి. అంతకుముందు బండైతే సీటు తీసి వైరింగ్ కనెక్టర్లు విప్పి చూడండి. ఎండిపోయిన సన్నటి బురద ఆ మూలల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాటర్ వాష్‌కి అది పోదు.

అపోహ: మన ముందు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, ఇంజిన్ బాగున్నట్టే

మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే ఏ బండైనా అవుతుంది. వెళ్లగానే ఇంజిన్ కేసుకి చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. వేడిగా ఉంటే టీ తాగొస్తామని చెప్పి గంటన్నర ఆగి వెళ్లండి. చల్లటి ఇంజిన్ స్టార్టయిన మొదటి నిమిషంలోనే టైమింగ్ చైన్ గలగల, సైలెన్సర్ నుంచి నీలం పొగ తెలిసిపోతాయి. అంతసేపు ఆగడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ వీధిలోనే ఇంకో బండి చూసుకోండి.