పంపుహౌస్‌కు నెట్ లేదు కదా, భయమెందుకు? – అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తాగునీటి ప్లాంట్లలో, ఎత్తిపోతల లిఫ్టుల దగ్గర ఆటోమేషన్ పని చేస్తుంటాను. పీఎల్‌సీల (మోటార్లను, వాల్వులను నడిపే చిన్న కంప్యూటర్ల) భద్రత మాట ఎత్తితే ఎక్కువగా వినపడేవి ఇవే.

అపోహ: మా ప్యానెల్‌కు ఇంటర్నెట్ లేదు. వైరస్ ఎలా వస్తుంది?

ఒకసారి ప్యానెల్ తలుపు తీసి చూడండి. పీఎల్‌సీ పక్కనే సిమ్ వేసిన చిన్న 4జీ రౌటర్ కనపడొచ్చు. కమిషనింగ్ అప్పుడు, అంటే ప్లాంటును మొదట నడిపించి చూసేటప్పుడు, దూరం నుంచి చూసుకోవడానికని పెడతారు, పనయ్యాక ఎవరూ తీయరు. డ్రాయింగ్‌లో అది ఉండదు. అది లేకపోయినా, రిపోర్టుల కోసం స్కాడా పీసీకి (ప్లాంటు మొత్తాన్ని తెర మీద చూపి, అక్కడి నుంచే నడిపే కంప్యూటర్‌కు) పెట్టే పెన్ డ్రైవ్ ఉంది, సర్వీసుకు వచ్చేవాళ్ల ల్యాప్‌టాప్ ఉంది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రాన్ని కూడా బయటి నెట్‌కు దూరంగానే ఉంచారు. అయినా 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ అక్కడి సీమెన్స్ పీఎల్‌సీల దాకా పోయింది. దాన్ని పెన్ డ్రైవ్‌ల మీద కూడా పాకేలా రాశారు. లోపల సెంట్రిఫ్యూజ్‌లు (యురేనియాన్ని శుద్ధి చేసేందుకు వేగంగా తిరిగే యంత్రాలు) పాడవుతుంటే తెర మీద రీడింగులు మామూలుగానే కనిపించేలా చేసింది.

అపోహ: మర్రిగూడ నీళ్లతో హ్యాకర్‌కు ఏం పని?

వాడికి మర్రిగూడ తెలియక్కర్లేదు. నెట్‌లో తెరిచి ఉన్న పీఎల్‌సీలను మోడల్‌ను బట్టి వెతుకుతాడు. 2023 నవంబర్‌లో అమెరికాలోని అలిక్విప్పా అనే చిన్న ఊళ్లో నీటి బూస్టర్ స్టేషన్‌కు జరిగింది అదే. అక్కడి యూనిట్రానిక్స్ రకం పీఎల్‌సీలకు అప్పట్లో కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ 1111. ఫ్లోరైడ్‌తో తరాల తరబడి నడుములు వంగిపోయిన మండలాలు మనవి. కృష్ణా నీళ్లు నాలుగు రోజులు ఆగితే జనం మళ్లీ బోరింగు దగ్గరికే పోవాలి. అందుకే పాస్‌వర్డ్ మార్చమని నేను ఇంతగా పట్టుబట్టేది.

అపోహ: యాంటీవైరస్ వేస్తే చాలు.

పీఎల్‌సీలో యాంటీవైరస్ నడవదు. పైగా పీఎల్‌సీలకు ఆదేశాలు పంపే మోడ్‌బస్ అనే పద్ధతి 1979 నాటిది; ఆదేశం ఎవరిదని అది అడగదు, వచ్చింది చేస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌ను, ప్లాంటు నెట్‌వర్క్‌ను ఫైర్‌వాల్‌తో విడదీయాల్సిందే.

అపోహ: అంతా ఆటో అయ్యాక మోటారు దగ్గర చేత్తో నొక్కే లోకల్ బటన్లెందుకు?

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో హ్యాకర్లు సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు కరెంటు తీసేశారు. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పోయి బ్రేకర్లను చేత్తో వేసి, కొన్ని గంటల్లోనే మళ్లీ ఇచ్చారు. మీ దగ్గర లోకల్–రిమోట్ స్విచ్ పనిచేస్తోందా? స్కాడా లేకుండా మోటారు ఆన్ చేయడం నైట్ షిఫ్ట్ ఆపరేటర్‌కు వచ్చా? నెలకోసారి లోకల్‌లో పెట్టి నడిపించండి. పీఎల్‌సీ ప్రోగ్రామ్ కాపీ కాంట్రాక్టర్ దగ్గరే ఉండిపోతే, ఈ వారమే అడిగి తెచ్చుకుని నెట్‌కు తగలని చోట దాచండి.