వెయ్యేళ్ల తర్వాతివారికి మన గురించి ఏం తెలుస్తుంది? అపోహలు - వాస్తవాలు

డిజిటల్ దస్తావేజులు పాడవకుండా కాపాడటం నా వృత్తి. ఆ సంగతి తెలియగానే చాలామంది నా మీద జాలిపడతారు. "ఇక మీకు పనేముంటుందండీ, ఇప్పుడన్నీ ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి కదా, వెయ్యేళ్ల తర్వాత పుట్టేవారు కూడా మనం ఏం మాట్లాడుకున్నామో, ఎవరితో పోట్లాడుకున్నామో తీరిగ్గా చూసుకుంటారు" అంటారు. ఈ మాట విని విని నాకు విసుగు పుట్టిన మాట నిజమే. అయితే ఇటీవల ఒక పెద్దాయన ఇదే మాట అంటూ ఒక ఫ్లాపీ డిస్కుల పెట్టెను నా బల్ల మీద పెట్టి, "వీటిలో ఉన్నది బయటికి తీసి ఇవ్వగలరా?" అని అడిగినప్పుడు మాత్రం నాకు విసుగు రాలేదు, భయం వేసింది.

పాతికేళ్ల కిందట ఆయన తన తండ్రిగారి నోటు పుస్తకాలను చూస్తూ కుటుంబ చరిత్రనంతా కంప్యూటరులో టైపు చేశారు. పని పూర్తయ్యాక, భద్రంగా ఎక్కించేశాం కదా, ఇక ఇవెందుకని ఆ పుస్తకాలను పారేశారు. ఇప్పుడు ఆ డిస్కుల్లో సగానికి పైగా చదవడానికే వీలు కాలేదు. చదవగలిగిన వాటిలోని ఫైళ్లు అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తన సొంత ఫాంటుతో రాసినవి కావడంతో, తెర మీద పిచ్చి గుర్తులు తప్ప ఒక్క అక్షరమూ కనిపించలేదు.

అపోహ: డిజిటల్ రూపంలోకి మారిస్తే శాశ్వతంగా ఉంటుంది.

వాస్తవం: నా అనుభవంలో మనుషులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. దీన్ని నమ్మినవారు అసలు ప్రతిని పారేస్తారు, నకలు ఒక్కటే ఉంచుతారు, ఆ నకలు ఎలా ఉందో ఏళ్ల తరబడి చూడరు. కాగితాన్ని అటక మీద పడేసి మరచిపోయినా, చెదలూ తడీ తగలకపోతే వందేళ్లకు కూడా చదవవచ్చు. డిజిటల్ ఫైలుకు ఆ వెసులుబాటు లేదు. హార్డ్ డిస్కులో తిరిగే భాగాలు ఏదో ఒకనాడు ఆగిపోతాయి. ఇంట్లో రాసుకున్న సీడీలోని రంగు పొర క్రమంగా క్షీణిస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అందులో సమాచారాన్ని నిలిపే విద్యుదావేశం కారిపోతుంది. ఫైలు బతకాలంటే ఎవరో ఒకరు దాన్ని కొన్నేళ్లకొకసారి కొత్త సాధనంలోకి, అవసరమైతే కొత్త ఫార్మాట్‌లోకి, అంటే ఫైలులో సమాచారాన్ని రాసే కొత్త పద్ధతిలోకి, మారుస్తూనే ఉండాలి. ఆ ఎవరో ఒకరు లేకపోవడమే అసలు సమస్య.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. ఇంగ్లండులో 1086లో జరిగిన భూములు, ఆస్తుల సర్వేను తోలు పత్రాల మీద రాసిన డూమ్స్‌డే పుస్తకాన్ని నేటికీ చదవవచ్చు. దాని 900వ వార్షికోత్సవం సందర్భంగా 1986లో బీబీసీ అదే పేరుతో ఆనాటి సమాజ జీవితాన్ని లేజర్ డిస్కుల మీదికి ఎక్కించింది. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ డిస్కులను నడిపే యంత్రాలు దొరకడమే గగనమై, సమాచారాన్ని రక్షించడానికి నిపుణులు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. చంద్రుడి మీద మనిషి తొలిసారి దిగిన 1969 నాటి అసలు టేపుల సంగతీ అంతే: వాటిని ఆ తర్వాతి కాలంలో చెరిపి వేరే పనికి వాడేసి ఉంటారని నాసాయే 2009లో తేల్చింది. మానవ చరిత్రలో అంతటి ఘట్టానికి పట్టిన గతే అది అయినప్పుడు, మన ఫోన్లలోని ఫొటోల మాట వేరే చెప్పాలా?

"నా ఫోనులో ఏమీ లేదండీ, అంతా క్లౌడ్‌లో ఉంది" అనేవారికి నా జవాబు ఒక్కటే. క్లౌడ్ అంటే ఆకాశం కాదు, వేరొకరి కంప్యూటరు. ఆ వేరొకరు మనకు ఇచ్చినది సేవ. వెయ్యేళ్ల హామీ కాదు. లక్షలాది మంది సొంత పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసివేసింది. స్వచ్ఛందంగా కొందరు ముందుకొచ్చి నకళ్లు తీసుకోబట్టి కొంతైనా దక్కింది. సర్వర్ల మార్పిడిలో జరిగిన పొరపాటు వల్ల 2015కు ముందు తమ దగ్గరికి ఎక్కించిన పాటలు పోయాయని మైస్పేస్ అనే సామాజిక మాధ్యమం 2019లో ఒప్పుకుంది. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని అమెరికాలోని పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. పదేళ్లకే ఇలా ఉంటే వెయ్యేళ్లకు ఏమవుతుందో ఊహించడానికి నా వృత్తిలో ఉండనక్కరలేదు. క్రీ.పూ. 612లో అస్సీరియా రాజధాని నినెవే నగరం (నేటి ఇరాక్‌లో ఉంది) తగలబడినప్పుడు అక్కడి గ్రంథాలయంలోని మట్టి పలకలు ఎన్నో ఆ మంటలో ఇటుకల్లా కాలి మరింత గట్టిపడి మనదాకా వచ్చాయి. సర్వర్ గది తగలబడితే బూడిదే మిగులుతుంది.

ఇదంతా చదివి కంగారుపడేవారు ఉంటారని నాకు తెలుసు. పిల్లల చిన్ననాటి వీడియోలు పోతాయేమోనని రాత్రిపూట నాకు సందేశాలు పంపినవారు ఉన్నారు. వారిని తేలిక చేసి మాట్లాడటం నాకు చేతకాదు. నేను చెప్పేది ఇంతే: మూడు ప్రతులు ఉంచండి, వాటిని కనీసం రెండు రకాల సాధనాల మీద దాచండి, ఒక ప్రతిని ఇంటికి దూరంగా మరొకరి దగ్గర పెట్టండి. ఏడాదికి ఒకసారి తెరిచి చూడండి. ఫొటోలో ఉన్నది ఎవరో, ఎప్పటిదో ఫైలు పేరులోనైనా రాసి ఉంచండి. కాగితపు అసలు ప్రతిని మాత్రం ఎవరేం చెప్పినా పారేయకండి.

అపోహ: ముఖ్యమైనవి ఎలాగూ నిలుస్తాయి, చెత్త పోతుంది.

వాస్తవం: నిలిచేవాటిని ఎంపిక చేసేది తరచుగా యాదృచ్ఛికతే. దాదాపు 3,750 ఏళ్ల నాటి మెసొపొటేమియాకు చెందిన ఏయా-నాసిర్ అనే వర్తకుడు మనకు తెలిసింది, నాసిరకం రాగి అంటగట్టాడని కొనుగోలుదారు మట్టి పలక మీద రాసిన ఫిర్యాదు వల్ల. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో 1896లో మొదలైన తవ్వకాలలో పపైరస్ (కాగితంలా వాడిన మొక్క రేకులు) మీద రాసిన వేలాది పత్రాలు దొరికింది గ్రంథాలయంలో కాదు, ఊరి చెత్తకుప్పల్లో. చెత్త అబద్ధం చెప్పదు కూడా. 1973లో అరిజోనా విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రవేత్త విలియం రాత్జే జనం పారేసిన చెత్తను పరిశీలించడం మొదలుపెట్టినప్పుడు, వారు తాగుతామని చెప్పిన మద్యం కన్నా చెత్తలో దొరికిన సీసాలూ డబ్బాలూ ఎక్కువని తేలింది.

అపోహ: టైమ్ క్యాప్సూల్ పాతిపెడితే చాలు.

వాస్తవం: పాతిపెట్టిన చోటును మరచిపోకుండా ఉంటే సంతోషం. 1938లో న్యూయార్క్‌లో పాతిపెట్టి 6939లో తెరవమన్న క్యాప్సూల్ విషయంలో నిర్వాహకులు ఆ వివరాలను ప్రత్యేక పుస్తకంగా అచ్చువేసి ఎన్నో గ్రంథాలయాలకు పంచారు. నా దృష్టిలో ఆ పుస్తకమే క్యాప్సూల్ కన్నా తెలివైన పని. పైగా అందులో పెట్టేవి మనం చూపించదలచుకున్నవే తప్ప మనం నిజంగా బతికిన తీరు కాదు.

అపోహ: వారు మన మేధస్సును చూసి అబ్బురపడతారు, లేదా మనల్ని చూసి నవ్వుకుంటారు.

వాస్తవం: వారి మనసులో ఏముంటుందో చెప్పడం నా పని కాదు. వారి కాళ్ల కింద ఏముంటుందో మాత్రం చెప్పగలను: అణుపరీక్షల వల్ల ప్రపంచమంతటా పరచుకున్న ప్లుటోనియం జాడలు, ప్లాస్టిక్, కోట్లకొద్దీ కోడి ఎముకలు.

అపోహ: ఫైలు మిగిలితే చాలు, ఎప్పుడైనా చదువుకోవచ్చు.

వాస్తవం: క్రీట్ ద్వీపపు లీనియర్ ఏ లిపి చెక్కుచెదరకుండా మన చేతిలో ఉంది, ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. ఫైలు ఫార్మాట్ కూడా ఒక లిపే. ఈజిప్టు చిత్రలిపి రహస్యం విడిపోవడానికి ఒకే శాసనం మూడు లిపులలో ఉన్న రొసెట్టా శిల కావలసి వచ్చింది; 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాన్ని ఛేదించడానికి ఎంతగానో సాయపడినవి ఓవల్ గీతల మధ్య రాసి ఉన్న రాజుల పేర్లు.

ఆ పెద్దాయన ఫైళ్లకు ఫాంటు పట్టిక, అంటే ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే జాబితా, ఎక్కడా దొరకలేదు. అందుకని ఆయననే పక్కన కూర్చోబెట్టుకుని, వారి కుటుంబంలోని పేర్లన్నీ కాగితం మీద రాయించుకుని, తెర మీద మళ్లీ మళ్లీ వస్తున్న గుర్తుల వరుసలతో ఒక్కొక్కటే పోల్చి చూశాము. మూడో రోజు మధ్యాహ్నం మొదటగా పట్టుబడిన పదం ఆయన తాతగారి పేరు. దాని నుంచి అయిదు అక్షరాలు తెలిశాయి. మిగిలిన పని ఇంకా సాగుతోంది. ఆయన వారానికి రెండుసార్లు వస్తున్నారు, దొరికిన ప్రతి పేజీనీ అచ్చు తీయించుకుని వెళుతున్నారు.